ఆపేసిన ఆన్‌లైన్ గేమ్‌కి మళ్లీ వెళ్లాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

సంక్రాంతికి పాలకొల్లు వచ్చే మా చుట్టాల కుర్రాళ్లలో ఏటా ఇద్దరు ముగ్గురైనా నన్ను పట్టుకుని ఒకటే అడుగుతారు. "అన్నయ్యా, మూడేళ్ల కింద ఆపేసిన గేమ్ మళ్లీ మొదలెడదామని ఇన్‌స్టాల్ కొట్టాను. ఏదీ సరిగ్గా అవ్వట్లేదు." అప్పటికి భోగి మంట ఆరిపోయి ఉంటుంది, అప్‌డేట్ మాత్రం 34 శాతం దగ్గరే ఉంటుంది. పండగనాడు పాస్‌వర్డ్ గుర్తురాదు. కనుమనాడు లాగిన్ అవుతారు, ఏ బటన్ ఎక్కడుందో తెలియదు. ముక్కనుమ రాత్రికి బస్సెక్కేస్తారు.

ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను. దాదాపు అందరూ చేసే తప్పు డౌన్‌లోడ్‌తో మొదలుపెట్టడం. నా లెక్కలో అది నాలుగో పని.

ఇక్కడ చెప్పేది సర్వర్‌కి కనెక్ట్ అయితే తప్ప తెరుచుకోని గేమ్‌ల గురించి: బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా), వాలరెంట్, డెస్టినీ 2, ఫైనల్ ఫాంటసీ 14, డయాబ్లో 4 లాంటివి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ యాప్‌ల సంగతి కాదు. వాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు కాబట్టి ముందే చెప్పేశాను.

## 1. గేమ్ బతికుందా, ఉంటే ఏ పేరుతో ఉంది?

వరద తీశాక లంక పొలానికి వెళ్లినవాడు ముందు తన గట్టు ఎక్కడుందో వెతుక్కుంటాడు. విత్తనాల సంచి అప్పుడే విప్పడు. మీరూ ముందు గట్టు చూసుకోండి.

ద క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి కొన్న డిస్క్ చేతిలో ఉన్నా, ఆ సర్వర్లు లేకుండా అది దానంతట అది నడవదు.

పేరు మారినవీ ఉన్నాయి. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో నిషేధించారు. 2021 జులైలో బీజీఎంఐగా వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. పాత పబ్‌జీ ఖాతాలోని సామాను బీజీఎంఐకి మార్చుకునే గడువు ఎప్పుడో అయిపోయింది. అప్పుడు మార్చుకోనివాళ్లు సున్నా నుంచే మొదలు. కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ 2023 సెప్టెంబర్‌లో కౌంటర్ స్ట్రైక్ 2 అయిపోయింది. తుపాకుల స్కిన్‌లు (పైకి కనబడే రంగులు, డిజైన్లు) మాత్రం భద్రంగా కొత్త గేమ్‌లోకి వచ్చాయి.

గేమ్ ఉన్నా అందులో మీకు నచ్చిన భాగం ఉండకపోవచ్చు. డెస్టినీ 2 వాళ్లు 2020 నవంబర్‌లో మొదటి కథ మొత్తాన్నీ, దానితో పాటు కొన్ని గ్రహాల్నీ తీసేశారు. ఆ కథ కోసమే తిరిగి వెళ్లి, అది కనబడక తల పట్టుకున్నవాళ్లని నేను చూశాను.

పది నిమిషాల్లో చూసుకోవాల్సినవి:

- మన దేశంలో స్టోర్‌లో ఇప్పుడు దొరుకుతోందా
- చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది (ఏడాది దాటితే ఆలోచించుకోండి)
- సర్వర్ ముంబైలో ఉందా, సింగపూర్‌లోనా
- ఇప్పుడు అడుగుతున్న ర్యామ్, డిస్క్ జాగా, విండోస్ లేదా ఆండ్రాయిడ్ వెర్షన్
- పెద్ద అప్‌డేట్ ఈ వారంలో ఉందా

చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు సర్వర్ల ముందు జాతర. రెండు మూడు వారాలు ఆగితే బగ్‌లు తగ్గుతాయి, ఏది ఎలా ఆడాలో వీడియోలూ వచ్చేస్తాయి.

## 2. డౌన్‌లోడ్ కంటే ముందు ఖాతా

80 జీబీ దించుకున్నాక లాగిన్ కాలేకపోతే పడే బాధ నాకు తెలుసు. అందుకే ముందు గేమ్ వెబ్‌సైట్‌లో, ఫోన్ బ్రౌజర్‌లోనే, లాగిన్ అయి చూడండి. ఐదు నిమిషాల పని.

నా ఖాతా ఒకటి ఇలాగే చిక్కుకుంది. పాస్‌వర్డ్ గుర్తుంది, కానీ ఓటీపీ 2016లో వాడిన నంబర్‌కి వెళ్తోంది. ఆ నంబర్ నేను రీఛార్జ్ మానేసి చాలా కాలమైంది. తెగించి ఆ నంబర్‌కే ఫోన్ చేశాను. తాడేపల్లిగూడెంలో ఒకావిడ ఎత్తింది. "ఆయ్, ఎవరండీ?" అంది. "అమ్మా, ఈ నంబర్ ఇదివరకు నాదండీ. మీకో ఓటీపీ వస్తుంది, చెబుతారా?" అన్నాను. నా నోటితో నేనే ఆ మాట అన్నాక గానీ అది ఎలా వినబడుతుందో తెలియలేదు. ఆవిడ నాలుగు అక్షింతలు వేసి పెట్టేసింది. సరైన పనే చేసింది.

చివరికి సపోర్ట్‌కి రాస్తే తొమ్మిది రోజులకి ఖాతా తిరిగొచ్చింది. అది రావడానికి కారణం నా మెయిల్‌లో దొరికిన ఒక పాత రసీదు, మొదటిసారి కొన్నప్పటిది. మీరు రాసేటప్పుడు ఇవన్నీ మొదటి మెయిల్‌లోనే పెట్టండి. విడివిడిగా పంపితే ప్రతిదానికీ రెండేసి రోజులు పోతాయి.

- ఖాతా తెరిచిన మెయిల్, సుమారు ఏ నెల, ఏ ఏడాది
- ఆటలో మీ పేరు, ఉంటే ప్లేయర్ ఐడీ
- ఏదైనా కొనుగోలు రసీదు, తేదీ, మొత్తం
- చివరిసారి ఏ ఊరి నుంచి, ఏ ఫోన్ లేదా కంప్యూటర్ మీద ఆడారు
- ఓటీపీ ఎందుకు రావట్లేదో ఒక్క వాక్యంలో

ఇంకా మూడు గుంటలు ఉన్నాయి.

మెయిలే పోయి ఉండటం. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాల్ని తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. కాలేజీ రోజుల్లో గేమ్ కోసమే సరదా పేరుతో తెరిచిన జీమెయిల్ ఉంటే ఈ రోజే ఒకసారి తెరవండి.

గెస్ట్ ఖాతా. ఫోన్ గేమ్‌ల్లో మెయిల్ కలపకుండా "గెస్ట్"గా ఆడినవాళ్ల ఖాతా ఆ ఫోన్‌కే కట్టేసి ఉంటుంది. ఫోన్ అమ్మేసినా రీసెట్ చేసినా దాదాపు పోయినట్టే. పాత ఫోన్ బీరువాలో ఉంటే రీసెట్ మాత్రం చేయకండి. ఛార్జ్ పెట్టి, తెరిచి, ముందు మెయిల్ కలపండి.

అథెంటికేటర్ యాప్, అంటే లాగిన్‌కి కోడ్‌లు ఇచ్చేది. ఫోన్ మార్చినప్పుడు కోడ్‌లు చాలాసార్లు వాటంతట అవే రావు. అప్పట్లో ఇచ్చిన బ్యాకప్ కోడ్‌ల స్క్రీన్‌షాట్ కోసం ఫోటోల్లో వెతకండి. చాలామందికి దొరుకుతుంది, పెళ్లి ఫోటోల మధ్యలో.

కంగారులో కొత్త ఖాతా తెరవకండి, "రికవరీ చేసిపెడతాం" అనేవాళ్లకి పైసా ఇవ్వకండి. లాగిన్ అయ్యాక మొదటి పని పాస్‌వర్డ్ మార్చి, ఇప్పటి నంబర్ పెట్టడం.

## 3. మెషీన్‌ని లేపడం

ఫోన్‌లో ఆడేవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. కనీసం 20 జీబీ ఖాళీ ఉంచుకోండి, అంతే.

కంప్యూటర్ వాళ్లకి మాత్రం డెల్టాలో ఒక ప్రత్యేక కష్టం ఉంది: తేమ. మూడేళ్లు మూల గదిలో పడున్న సీపీయూలో దుమ్ము పొడిగా ఉండదు, అట్టలా అంటుకుని ఉంటుంది. తీగ పీకేసి, పక్క తలుపు తీసి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే విపరీతంగా తిరిగి పాడవుతాయి. బల్లి గుడ్లు కనబడితే ఆశ్చర్యపోకండి. ల్యాప్‌టాప్ అయితే అడుగు భాగం ఉబ్బిందేమో చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు.

ఇక అసలు విషయం. భీమవరంలో మా బావ కొడుకు కంప్యూటర్‌లో ఏ గేమ్ తెరిచినా "సర్వర్‌కి కనెక్ట్ కాలేదు" అని వచ్చేది. ఫోన్‌లో యూట్యూబ్ మాత్రం హాయిగా ఆడుతోంది. నెట్ కుర్రాడు రెండుసార్లు వచ్చి రౌటర్ మార్చాడు, తీగ మార్చాడు. నేను వెళ్లి కూర్చుని స్క్రీన్ కింద మూల చూశాను. తేదీ 2015 జనవరి 1 అని ఉంది.

మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల అంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కంప్యూటర్ ఆపేసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే తేదీ వెనక్కి పోతుంది. సర్వర్‌తో మాట్లాడే ప్రతి సురక్షిత కనెక్షన్‌కీ ఒక గడువున్న సర్టిఫికెట్ ఉంటుంది. మీ కంప్యూటర్ 2015లో ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి ఒప్పుకోదు. వాచీ షాపులో ఆ బిళ్ల కొని, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేశాం. పని పావుగంట. అంతకుముందు వారం రోజుల టెన్షన్.

ఒక జాగ్రత్త: ఆ బ్యాటరీ తీస్తే బయాస్ (విండోస్ కన్నా ముందు లేచే, మదర్‌బోర్డ్‌లోని ప్రోగ్రామ్) సెట్టింగ్‌లు మొదటికి వెళ్లొచ్చు. ముందే బయాస్ తెరిచి ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వాలరెంట్ ఆడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. విండోస్ 11లో అది సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా సెట్టింగ్‌లు రెండూ ఆన్‌లో ఉంటేనే నడుస్తుంది.

- తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా
- విండోస్ 7, 8 అయితే ఇక మార్చక తప్పదు, 2024 జనవరి నుంచి స్టీమ్ (కంప్యూటర్ గేమ్‌లు కొని దించుకునే స్టోర్) వాటికి సపోర్ట్ ఆపేసింది
- విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, గేమ్ నడుస్తుంది కానీ ఎక్కువ కాలం దాని మీద ఆధారపడకండి
- గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశారా
- అరగంట ఊరికే నడిపితే వేడెక్కి ఆగిపోతోందా

## 4. డౌన్‌లోడ్, లెక్క వేసుకుని

రోజుకి 2 జీబీ వచ్చే మొబైల్ ప్లాన్ మీద 80 జీబీ గేమ్ దించాలంటే 40 రోజులు. 40 ఎంబీపీఎస్ ఫైబర్ మీద నాలుగున్నర గంటలు, అదీ వేగం తగ్గకపోతే. మా వైపు సాయంత్రం ఏడు నుంచి పది దాకా వీధి వీధంతా సీరియల్సూ క్రికెట్టూ చూస్తుంది. రాత్రి పదకొండుకి పెట్టి పడుకోండి. కంప్యూటర్ నిద్రలోకి జారుకోకుండా స్లీప్ ఆపేయండి. సగం మంది ఇక్కడే దెబ్బతింటారు, పొద్దున లేచి చూస్తే 12 శాతం.

దగ్గర్లో అదే గేమ్ ఉన్నవాళ్లుంటే ఇంకా సుఖం. స్టీమ్‌లో 2023 నుంచి ఒకే రౌటర్ మీదున్న రెండు కంప్యూటర్ల మధ్య గేమ్ ఫైళ్లు నేరుగా పంపుకునే వీలుంది. ఇద్దరి ఖాతాల్లోనూ గేమ్ ఉండాలి, ఇద్దరూ స్టీమ్‌లో లాగిన్ అయి ఉండాలి, డౌన్‌లోడ్ సెట్టింగ్‌లలో స్నేహితులకి అనుమతి ఇవ్వాలి. పండక్కి బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ మోసుకొచ్చే బావమరిది ఉంటే అతన్ని ఇలా వాడుకోండి. వైఫై కన్నా ల్యాన్ తీగ పెడితే చాలా వేగం.

పాత ఫైళ్లు ఇంకా డిస్క్‌లో ఉంటే వాటి మీద అప్‌డేట్ వేయొచ్చు. కానీ అప్‌డేట్‌కి తాత్కాలికంగా బోలెడు జాగా కావాలి. మూడేళ్ల పాత ఫైళ్లయితే పూర్తిగా తీసేసి కొత్తగా వేయమంటాను.

వేశాక గేమ్ మొదట్లోనే మూసుకుపోతుంటే: స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఫైళ్లు సరిచూసే బటన్ నొక్కండి. అయినా అంతే అయితే పాత సెట్టింగ్‌ల ఫైల్‌ని వేరేచోటికి జరిపి మళ్లీ తెరవండి. మొదటి అరగంట తడబడుతూ నడిస్తే కంగారుపడొద్దు. చాలా గేమ్‌లు మొదటిసారి షేడర్లు (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేసుకుంటాయి.

## 5. లైను: కొబ్బరిమట్ట, ఎర్ర లైటు, కరెంటు

ఆడటానికి డేటా పెద్దగా అక్కర్లేదు. కావాల్సింది నిలకడ. 20 ఎంబీపీఎస్ నిలకడగా ఉన్న లైను, ఊగిసలాడే 200 కన్నా మేలు.

ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. రాజమండ్రి నుంచి ముంబై గాలిలో కొలిస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అంటే వెళ్లి రావడానికి (ఈ సమయాన్నే పింగ్ అంటారు) ఎంత చేసినా 10 మిల్లీసెకన్లు పట్టి తీరుతుంది. తీగ తిన్నగా వెళ్లదు, మధ్యలో మజిలీలు ఉంటాయి. మా ఇంటి నుంచి ముంబై సర్వర్లకి 35 నుంచి 45, సింగపూర్‌కి 70 పైన వస్తుంది. అంతకన్నా బాగా తగ్గించే మందు ఎవరూ అమ్మలేరు. "పింగ్ తగ్గించే యాప్" అని కనబడితే నమ్మకండి.

పింగ్ ఎగిరిపడుతుంటే తప్పు ఇంట్లో ఉందో బయట ఉందో తేల్చాలి. కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి ముందు మీ రౌటర్‌కే పింగ్ కొట్టండి. చాలా ఇళ్లలో దాని అడ్రస్ 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. అక్కడే ఒకసారి 2, ఒకసారి 90 వస్తే దోషం మీ వైఫైది. పాత పెంకుటిళ్ల మట్టిగోడలు, కొత్త డాబాల స్లాబులు రెండూ 5 గిగాహెర్ట్జ్ వైఫైని మింగేస్తాయి. ల్యాన్ తీగ లాగండి. రౌటర్‌కి నిలకడగా 1, 2 వచ్చి, బయటికే ఎగిరిపడుతుంటే అప్పుడు నెట్ అతనికి ఫోన్ చేయండి. "ఆయ్, సాయంత్రం వత్తానండి" అంటాడు. ఏ సాయంత్రమో చెప్పడు. ఈ పింగ్ అంకెల ఫోటో వాట్సాప్‌లో పంపితే మాత్రం త్వరగా కదులుతాడు, ఇది అనుభవం.

నెట్ పూర్తిగా పోతే ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అనే లైటు చూడండి. అది ఎర్రగా వెలుగుతుంటే కాంతి మీ ఇంటిదాకా రావట్లేదు. రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. మా సందులో పదిసార్లకి ఏడుసార్లు కారణం తీగ మీద పడ్డ కొబ్బరిమట్ట. మిగతా మూడు, ఇంట్లో సోఫా జరిపినప్పుడు మడతపడ్డ పసుపు తీగ. ఆ తీగని చిన్న చుట్ట చుట్టకండి, అరచేతి వెడల్పు కన్నా తక్కువ వంపు వద్దు.

కరెంటు పోయినా ఫైబర్ పోనక్కర్లేదు. వీధిలో కాంతిని పంచే స్ప్లిటర్‌కి కరెంటు అవసరం లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉంటే చాలు. కాబట్టి రౌటర్‌కి 12 వోల్ట్‌ల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఫోన్ గేమ్ ఆగకుండా సాగుతుంది. కొన్ని ఊళ్లలో స్తంభం మీద నెట్ స్విచ్ (కరెంటుతో నడిచే పెట్టె) పెట్టి అక్కణ్నుంచి తీగలు లాగుతారు. అలాంటిచోట కరెంటుతో పాటే నెట్ కూడా పోతుంది. కొనేముందు మీ ఊళ్లో ఏ పద్ధతో అడగండి. ఇక 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను తీరం దాటినప్పటి లాంటి రోజుల్లో ఏ యూపీఎస్సూ పనికిరాదు. ఫోన్ ఛార్జ్ దాచుకోండి, గేమ్ సంగతి మర్చిపోండి.

వాయిస్ చాట్ మాత్రమే పనిచేయకపోతే, లేదా గేమ్ సెట్టింగ్‌లలో నాట్ (NAT) "స్ట్రిక్ట్" అని చూపిస్తే, మీ నెట్ కంపెనీ చాలా ఇళ్లకి ఒకే ఐపీ (నెట్‌లో మీ చిరునామా) పంచుతుండొచ్చు. డెస్టినీ 2, జీటీఏ ఆన్‌లైన్ లాంటి వాటిలో ఇది ఇబ్బంది పెడుతుంది. రౌటర్‌లో ఐపీవీ6 ఆన్ చేసి చూడండి, కుదరకపోతే స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని చిరునామా) అడగండి.

## 6. మొదటి లాగిన్: చూడండి, ముట్టుకోకండి

తెరవగానే పది బొమ్మలు మీద పడతాయి. బ్యాటిల్ పాస్ (ఒక సీజన్ బహుమతుల కోసం డబ్బిచ్చి కొనేది), ఆఫర్, రోజువారీ బహుమతి, "మిమ్మల్ని మిస్ అయ్యాం". అన్నీ మూసేయండి.

ఇందులో ఒక కిటుకు ఉంది. తిరిగొచ్చినవాళ్లకిచ్చే బహుమతుల గడియారం చాలా గేమ్‌ల్లో మీరు మొదటిసారి లాగిన్ అయిన క్షణం నుంచే నడుస్తుంది. వారమో రెండు వారాలో ఉంటుంది. "ఊరికే పనిచేస్తుందో లేదో చూద్దాం" అని సోమవారం తెరిచి, శనివారం ఆడటం మొదలెడితే సగం పోయినట్టే. అందుకే రెండో మెట్టులో వెబ్‌సైట్‌లో లాగిన్ అవమన్నాను, గేమ్‌లో కాదు.

- ఆటలోని మెయిల్ పెట్టె తెరవండి, గడువున్న కానుకలు తీసుకోండి
- సంచిలో ఉన్నవాటి స్క్రీన్‌షాట్లు తీయండి
- వారం దాకా ఏ వస్తువూ అమ్మొద్దు, విరగ్గొట్టొద్దు (పనికిరాదనిపించినదే ఇప్పుడు బంగారం కావచ్చు)
- గ్రాఫిక్స్ మధ్యస్థంలో పెట్టండి
- చాట్‌లో ఎవరైనా లింక్ పంపితే నొక్కొద్దు

## 7. చేతులు తిరగడానికి ఐదు రోజులు

మెదడుకి గుర్తుంటుంది, వేళ్లకి ఉండదు. దానికి తోడు బటన్ల అమరిక కూడా మారిపోయి ఉంటుంది. మొదటి రోజే ర్యాంక్ మ్యాచ్‌లోకి దూకితే, పాత ర్యాంక్ చూసి మీ మీద ఆశ పెట్టుకున్న నలుగురితో తిట్లు తినడమే.

మొదటి రోజు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో అరగంట. ఒక్క తుపాకీ లేదా ఒక్క పాత్ర. సెన్సిటివిటీ (వేలు కదిపితే చూపు ఎంత తిరగాలనే సెట్టింగ్) పాతదే ఉంచి చూడండి, ఫోన్ మారి ఉంటే తెర పెద్దదై ఉంటుంది కాబట్టి కొద్దిగా సరిచేయండి.

రెండు, మూడు రోజులు. చిన్న మ్యాచ్‌లు. బీజీఎంఐలో అయితే టీడీఎం, అంటే రెండు జట్ల మధ్య చిన్న కాల్పుల ఆట. చచ్చిపోయినా వెంటనే లేస్తారు కాబట్టి పావుగంటలో పెద్ద మ్యాచ్ నాలుగు ఆడినంత కాల్పులు చేతికొస్తాయి.

నాలుగో రోజు. ర్యాంక్ లేని పెద్ద మ్యాచ్. కింది ర్యాంకుల్లో బాట్‌లు (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు) ఎక్కువ ఉంటాయి, పది మందిని పడేశానని మురిసిపోకండి.

ఐదో రోజు. ర్యాంక్. మూడు ఆడి ఆపేయండి, గెలిచినా ఓడినా.

బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి మూడు గంటలు, మిగతావాళ్లకి ఆరు గంటలు అని పరిమితి పెట్టారు. ఇంట్లో పిల్లలతో కలిసి ఆడేవాళ్లు వయసు తప్పు పెట్టకండి.

## 8. ఏం బాగుపడిందో కనిపెట్టడం

మూడేళ్ల ప్యాచ్ నోట్లు (ప్రతి అప్‌డేట్‌లో ఏం మారిందో కంపెనీ రాసే జాబితాలు) కూర్చుని చదవడం దండగ. ఈ సీజన్ మొదటి నోట్ ఒకటి చదవండి. తర్వాత మీరు వాడే తుపాకీ లేదా పాత్ర పేరు పెట్టి వెతికి, దానికి జరిగిన మార్పులు మాత్రం చూడండి. అరగంట చాలు.

ఏ రకం మార్పులు వెతకాలో తెలియడానికి రెండు ఉదాహరణలు. డయాబ్లో 3 2012 మేలో వచ్చిన రోజు చాలామందికి లాగిన్ దగ్గరే ఎర్రర్ 37 అని వచ్చి ఆగిపోయింది. దాన్ని మించిన జబ్బు లోపల ఉంది: ఆటలో వేలం సంత పెట్టారు. రాక్షసుల్ని చంపితే దొరికేవాటి కన్నా సంతలో కొన్నవే మేలుగా ఉండేవి, ఇక చంపడమెందుకు? 2014 మార్చిలో ఆ సంత మూసేశారు. దొరికే వస్తువులు మీ పాత్రకి పనికొచ్చేలా మార్చారు. 2012లో విసుగొచ్చి వదిలేసినవాడికి అది వేరే గేమే.

ఫైనల్ ఫాంటసీ 14 సంగతి ఇంకా విడ్డూరం. 2010లో వచ్చి దారుణంగా తన్నేసింది. 2012 నవంబర్‌లో పూర్తిగా ఆపేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి మళ్లీ తెరిచారు. ఇప్పుడు 70వ లెవల్ దాకా ఉచితంగా ఆడొచ్చు. తిరిగి వెళ్లేవాళ్లకి ఇందులో ఒక మెలిక: ఒకసారి డబ్బు కట్టిన ఖాతా మళ్లీ ఉచిత ట్రయల్‌లోకి వెళ్లదు. పాత పాత్ర మీద ప్రేమ లేకపోతే కొత్త ఖాతాతో ఉచితంగా చూడండి. ఈ ఒక్కచోట కొత్త ఖాతా మంచిదంటాను.

కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ మారింది. ఇదివరకు పొగ ఒక గోడ. ఇప్పుడు తూటా పేలిస్తే కాసేపు చిల్లు పడుతుంది, గ్రెనేడ్ వేస్తే చెదిరిపోతుంది. పాత అలవాటుతో పొగ వెనక నిశ్చింతగా నిలబడితే చస్తారు. ఇలాంటివి నోట్స్‌లో ఒక్క వాక్యమే ఉంటాయి, ఆట మొత్తం మార్చేస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, ఎక్కువ గేమ్‌లు ఆడటానికి సుఖంగా మారాయి, కొనిపించడంలో మాత్రం మొండిగా తయారయ్యాయి.

## 9. మనుషులు, డబ్బు

ఫ్రెండ్స్ లిస్ట్‌లో 60 మంది ఉంటారు, ఆన్‌లైన్‌లో ఇద్దరు. పాత స్క్వాడ్‌కి ఆటలో మెసేజ్ పెడితే ఎవరూ చూడరు, వాట్సాప్‌లో పెట్టండి. "ఎప్పుడైనా ఆడదాం రా" అంటే జరగదు. "శనివారం రాత్రి తొమ్మిదిన్నర, నాలుగు మ్యాచ్‌లు" అనండి. పెళ్లిళ్లయినవాళ్లుంటే పది.

మొదటి రెండు వారాలు రూపాయి పెట్టకండి. బ్యాటిల్ పాస్ కొనాలంటే సీజన్ చివర్లో కొనండి. చాలా గేమ్‌ల్లో అప్పటిదాకా ఆడిన లెవల్స్ బహుమతులన్నీ ఒకేసారి వచ్చేస్తాయి, ఎంతవరకు ఆడారో తెలిసే కొంటారు. పాత కార్డ్ సేవ్ అయి ఉందనుకోవద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనతో 2022 అక్టోబర్ నుంచి వెబ్‌సైట్లు కార్డ్ నంబర్లు దాచుకోకూడదు, మళ్లీ ఇవ్వాల్సిందే. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో ప్లే స్టోర్ కొనుగోలుకి పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి.

## 10. మళ్లీ ఆపేటప్పుడు

సెలవులైపోతాయి, ఎలాగూ ఆపేస్తారు. ఈసారి పద్ధతిగా ఆపండి.

- యూపీఐ ఆటోపే, నెలవారీ చందా రద్దు చేయండి, యాప్ తీసేస్తే చందా ఆగదు
- బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, ఇంటి పత్రాల ఫైల్‌లో పెట్టండి
- బటన్ల అమరిక, సెన్సిటివిటీ స్క్రీన్‌షాట్లు మీకు మీరే మెయిల్ చేసుకోండి
- ఆ మెయిల్‌ని ఏడాదికోసారైనా తెరవండి
- సీపీయూకి గుడ్డ కప్పండి, నెలకోసారి అరగంట ఆన్ చేయమని ఇంట్లోవాళ్లకి చెప్పండి
- సిమ్ వదిలేసే ఆలోచన ఉంటే ముందు ఖాతాలో నంబర్ మార్చండి, తాడేపల్లిగూడెంలో ఆవిడకి మళ్లీ ఫోన్ చేసే ధైర్యం నాకు లేదు